మేడం గారి తోట

నా పాస్‌పోర్టు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలోనే తీసుకున్నాను. మా ఆవిడ తనది మొన్న మొన్న తీసుకుంది. నాది ఒకసారి గడువు తీరిపోతే మళ్ళీ కొత్తది చేయించుకున్నాను. పాతదీ కొత్తదీ రెండూ బీరువాలో, పట్టుచీరల కింద, ఒక్క ముద్ర కూడా పడకుండా భద్రంగా ఉన్నాయి. తనదాంట్లో మాత్రం వచ్చిన కొద్ది నెలలకే ఇండోనేషియా ముద్ర పడింది. ఈ మాట రాస్తుంటేనే కడుపు మండుతోంది. ఆలి మీద అసూయ ఏమిటని ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్ళకేం, వాళ్ళ ఆలి ఇంట్లోనే ఉండి ఉంటుంది.

ఇద్దరిదీ ఖమ్మంలో ఒకే కాలేజీ, ఒకే క్లాసు, మెకానికల్. ఆ క్లాసులో ఆడపిల్లలందరూ కలిసి ఒక బెంచీలో సరిపోయేవాళ్ళు. తనది చండ్రుగొండ, నాది అశ్వారావుపేట. మా తాతల కాలంలో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం మాది. ఇంట్లో మాట ఇంకా అటువైపే మొగ్గుతుంది. తను నోరు తెరిస్తే అచ్చ తెలంగాణ. నా "ఏంటండీ" విని తను నవ్వేది, తన "ఏంది" విని నేను నవ్వేవాణ్ణి. పరిచయం అలా మొదలైంది.

తనకి థర్మోడైనమిక్స్ అస్సలు కొరుకుడు పడేది కాదు. పరీక్షల ముందు లైబ్రరీలో కూర్చోబెట్టి ఆవిరి గురించి చెప్పింది నేను. ప్రెషర్ కుక్కర్ ఉదాహరణ పెట్టి, విజిల్ పెట్టకముందు లోపల ఏం జరుగుతుందో, పెట్టాక ఏం జరుగుతుందో, పప్పు ఎందుకు తొందరగా ఉడుకుతుందో వివరించాను. స్టీమ్ టేబుల్స్ అనే ఆవిరి లెక్కల పట్టికల్లో ఏ గడిలో ఏం చూడాలో వేలు పెట్టి చూపించాను. ఈ సంగతి నేను మర్చిపోలేదు, మిమ్మల్నీ మర్చిపోనివ్వను. ఇవాళ తను సముద్రాలు దాటింది ఆ ఆవిరి మీదే.

విదేశం వెళ్ళాలన్నది మొదటి నుంచీ నా కోరిక. తనకి ఆ ఊసే లేదు. హాస్టల్ గది గోడకి ప్రపంచ పటం అంటించింది నేను. ఏ దేశంలో మెకానికల్ వాళ్ళని తీసుకుంటారో, ఎక్కడ చలి ఎంతో, ఎక్కడ మన బియ్యం దొరుకుతాయో అన్నీ నాకు తెలుసు. డిగ్రీ చేతికి రాగానే హైదరాబాద్ వెళ్ళి, అందరూ నేర్చుకుంటున్నారు కదా అని సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకున్నాను. ఇంగ్లీషు పరీక్ష రాశాను. దుబాయ్ ఇంటర్వ్యూ అంటే దాని వెంట, కెనడా కన్సల్టెన్సీ అంటే దాని వెంట పడ్డాను. ప్రతిచోటా అడిగింది ఒకటే, ఏం పని చేశావు అని. కోర్సులు చేశానని చెప్పేవాణ్ణి. వాళ్ళు మర్యాదగా తలూపేవాళ్ళు. నాలుగేళ్ళు అలా తిరిగి, ఊరికి వచ్చి, నాన్న పామాయిల్ తోట చూసుకోవడంలో దిగాను. తాత్కాలికంగానే అని అందరికీ చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతున్నాను.

తను మాత్రం కాలేజీ అవగానే అశ్వారావుపేట వైపు పామాయిల్ మిల్లులో ట్రెయినీగా చేరింది. ఆ కబురు విని క్లాసులో అందరం ముక్కు మూసుకున్నాం. ఊరికే అన్న మాట కాదు, ఆ మిల్లు వాసన తెలిసినవాళ్ళకి తెలుసు. గెలల్ని ఆవిరిలో ఉడకబెట్టేటప్పుడు తియ్యగా, పులిసినట్టుగా ఒక వాసన వస్తుంది. బట్టల్ని వదలదు, జుట్టుని వదలదు. "బీటెక్ చదివి గెలలు ఉడకబెడతావా?" అని నేనే అన్నాను.

"ఏంది, నువ్వు చెప్పిన కుక్కరే గద, జర పెద్దగుంటది అంతే," అంది తను.

నేను ఊరికి తిరిగి వచ్చేసరికి తను షిఫ్ట్ ఇంజనీర్ అయింది. తల మీద హెల్మెట్, జేబులో టార్చి, చేతుల మీద అక్కడక్కడా ఆవిరి తగిలిన మచ్చలు. బాయిలర్ శబ్దం విని ఎక్కడ తేడా ఉందో చెప్పేది. మళ్ళీ కలుసుకున్నాం, ఇళ్ళలో కొంత సణుగుడు అయ్యాక పెళ్ళి చేసుకున్నాం. పెళ్ళిలో మా నాన్న అందరికీ పరిచయం చేసింది కూడా, "మా కోడలు మిల్లులో ఇంజనీరండీ," అని. కొడుకు కూడా ఇంజనీరేనన్న సంగతి ఆయనకి ఆ పూట గుర్తు రాలేదు.

ఇప్పుడు ట్రాక్టర్ సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు పామాయిల్ రైతులందరికీ ఒక అలవాటుంది. గెలలు కోసే ముఠా వంతులవారీగా తోటలు తిరుగుతుంది. ఇవాళ మన తోటకి వచ్చిందంటే మళ్ళీ రావడానికి చాలా రోజులు పడుతుంది. అందుకని వాళ్ళు వచ్చిన రోజే, ఎర్రబడి పండ్లు రాలుతున్న గెలతో పాటు, ఇంకా నల్లగా నిగనిగలాడుతున్న గెలల్ని కూడా దించేస్తాం. చెట్టు మీద వదిలేస్తే మళ్ళీ వంతు వచ్చేసరికి పండ్లన్నీ రాలి గడ్డిలో పోతాయని భయం. ట్రాక్టర్ వెనక ట్రక్కులో నల్లవి అడుగున, ఎర్రవి పైన. ఇది నేను కనిపెట్టింది కాదు, మా నాన్న చేశాడు, పక్క తోట వాళ్ళు చేస్తారు, మిల్లు వాళ్ళూ చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు. పచ్చి గెలలో నూనె రాదని అందరికీ తెలుసు.

మిల్లు ముందు గెలలు దించే వాలు గట్టుని ర్యాంప్ అంటారు. సీజన్ ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్కడ ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. నా ట్రాక్టర్ వంతు వచ్చింది. ర్యాంప్ దగ్గర "దించు" అంటే లోడు ఒప్పుకున్నట్టు, "వెనక్కి" అంటే లేదని. ఆ రోజు నూనె శాతం పడిపోతోందని తనే స్వయంగా బయటికి వచ్చి నిలబడింది. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. మన మనిషే కదా అనుకున్నాను. తను ట్రక్కు ఎక్కింది, పైనున్న ఎర్ర గెలల్ని పక్కకి లాగింది, అడుగు చూసింది. కిందికి దిగి చేతులు దులుపుకుంది.

"రైతుగారూ, మీ లోడు వెనక్కి," అంది.

రైతుగారూ అంది. పొద్దున నాకు ఉప్మా పెట్టిన మనిషి. వెనక ఉన్న ట్రాక్టర్ల మీది వాళ్ళంతా చూస్తున్నారు. ఎవరో ఈల వేశారు. వరసలోంచి ట్రాక్టర్ వెనక్కి తీయడానికి వెనకున్నవాళ్ళంతా జరగాల్సి వచ్చింది. జరుగుతున్న ప్రతివాడూ ఏదో ఒకటి అన్నాడు. ఆ తర్వాత చాలామంది తమ లోడులో నల్లవాటిని దారిలోనే కింద పడేసి వచ్చారని విన్నాను. సొంత మొగుణ్ణే వదల్లేదంటే మనల్ని వదులుతుందా అని భయపడ్డారట.

ఆ సాయంత్రం మా అమ్మ ముందు తను నన్ను ఎప్పటిలాగే "మీరు" అంది. "మీరు టీ తాగుతారా," అని. గదిలోకి వచ్చి తలుపు వేశాక "నువ్వు" లోకి దిగింది.

"నువ్వే చెప్పు, నీ లోడు దించుకొని పక్కోని లోడు వెనక్కి పంపాల్నా? గట్లయితే రేపు నా మాట ఎవరన్నా ఇంటరా?"

"ఇంట్లో చెప్పొచ్చుగా ముందే."

"ఎన్నిసార్లు చెప్పిన? అవ్, ఎన్నిసార్లు?"

చెప్పింది. చాలాసార్లే చెప్పింది. అయినా నాకు కోపం తగ్గలేదు. తప్పు నాదయినప్పుడు కోపం ఇంకాస్త ఎక్కువగా వస్తుంది నాకు.

మిల్లులో కొత్త బాయిలర్ పెట్టడానికి విదేశీ ఇంజనీర్లు వచ్చింది ఆ తర్వాతే. ఇండోనేషియాలో పనిచేసే పెద్దాయన ఒకాయన చాలా రోజులు ఇక్కడే ఉన్నాడు. ఒక ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచాం. నిజం చెప్పాలంటే పిలిపించింది నేను. పరీక్షల కోసం నేర్చుకున్న ఇంగ్లీషంతా ఆ రోజు కోసమే దాచుకున్నట్టు బయటికి తీశాను. తోటంతా తిప్పాను, ప్రపంచ మార్కెట్ గురించి మాట్లాడాను. ఆయన గోంగూర పచ్చడి నాలుగుసార్లు వేయించుకుని, నా మాటలన్నిటికీ ఓపిగ్గా తలూపాడు. ఆ తలూపడం నేను ఎరుగుదును. ఆ తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, నూనె పిండే ప్రెస్‌లో షాఫ్ట్ వేడెక్కితే నువ్వు ఏం చేస్తావని అడిగాడు. తను గరిటె పట్టుకునే, వచ్చీరాని ఇంగ్లీషులో, మధ్యలో తెలుగు కలిపి చెప్పింది. ఆయన తినడం ఆపి విన్నాడు.

నెల తిరిగేలోపు ఆయన కంపెనీవాళ్ళు తనకి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అన్నారు. కొత్త మిల్లులు నిలబెట్టి నడిపించే ఇంజనీర్ ఉద్యోగం, ఇండోనేషియాలో. నాకు నిద్ర పట్టలేదు, తను హాయిగా నిద్రపోయింది. ఇంటర్వ్యూలు ఎలా ఉంటాయో ఇంట్లో ఎక్కువ తెలిసినవాణ్ణి నేనే కాబట్టి తర్ఫీదు నేనే ఇచ్చాను. అయిదేళ్ళ తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నావని అడిగితే ఏం చెప్పాలో నేర్పాను. తను విని, "గట్ల ఎవరన్నా మాట్లాడ్తరా?" అని నవ్వింది.

ఆ రోజు మా ఊళ్ళో నెట్ సరిగ్గా లేదు. నా ఫోన్‌కి మాత్రం, వంటింటి కిటికీ ఊచల మధ్య చెయ్యి బయటికి చాపి పట్టుకుంటే సిగ్నల్ అందుతోంది. ఆ సిగ్నల్‌తో పక్కగదిలో తన ల్యాప్‌టాప్ నడుస్తోంది. అంటే ఇంటర్వ్యూ జరిగినంతసేపూ నేను కిటికీలోంచి చెయ్యి చాపి నిలబడ్డాను. చెయ్యి దించితే ఆమె ఉద్యోగం పోతుంది. ఈ సంగతి నాకు అప్పుడు బాగా తెలుసు. చెయ్యి నొప్పి పుట్టినప్పుడల్లా ఇంకా బాగా తెలిసింది.

అన్నీ వినపడుతున్నాయి. ఆవిరి గురించి అడిగారు. చెప్పింది. మా ఆయనే నేర్పాడని అంటుందేమోనని చెవులు రిక్కించాను. అనలేదు. ఆ తర్వాత, ఉద్యోగంలో నువ్వు తీసుకున్న కష్టమైన నిర్ణయం ఏమిటని అడిగారు. ఈ ప్రశ్నకి నేను నేర్పిన జవాబు చాలా బాగుంటుంది. తను దాన్ని పక్కన పెట్టి, ట్రాక్టర్ కథ మొదలుపెట్టింది. మా ఆయన తోట గెలలు, అడుగున పచ్చివి, అందరూ చూస్తుండగా నేను వెనక్కి పంపాను అని. అవతల ఇంటర్వ్యూ చేస్తున్నవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. ఒకరు, మీ ఆయన ఏమన్నాడని అడిగారు.

"ఆ రోజు అన్నం తినలేదు. ఇప్పుడు మాత్రం కిటికీ దగ్గర నిలబడి నాకు నెట్ పట్టుకుని ఉన్నాడు," అని ఇంగ్లీషులో చెప్పింది.

వాళ్ళు ఇంకా నవ్వారు. నేను చెయ్యి దించలేదు. ఎందుకు దించలేదో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. దించాలని మాత్రం గట్టిగా అనిపించింది.

ఉద్యోగం వచ్చింది. ఒకే కాలేజీ, ఒకే పట్టా. తనది తనని విమానం ఎక్కించింది, నాది నన్ను ట్రాక్టర్ ఎక్కించింది. మిఠాయిలు పంచింది నేనే. పంచుతూ ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న విన్నాను, మరి నువ్వో అని. ఎందుకంటే ఆర్నెల్లు దాటితే కుటుంబానికి క్వార్టర్ ఇస్తామన్నారు కంపెనీవాళ్ళు. మొగుడు వెంట రావొచ్చు. తిండి, ఇల్లు అన్నీ ఉంటాయి, పని ఒక్కటే ఉండదు. నా చిన్ననాటి కోరిక గుమ్మం దాకా వచ్చి, నువ్వు కాదు, నీ పెళ్ళాం వెనక నిలబడు అంది.

మా నాన్న ఆగలేదు. "ఇల్లరికం అంటే పక్క ఊరికి వెళ్ళడం చూశాం గానీ, సముద్రం దాటి వెళ్ళే ఇల్లరికం ఇదేరా చూడ్డం," అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి టీకొట్టుకి ఎలా చేరిందో మరుసటి రోజే చేరింది. "అల్లుడుగారూ, ఎప్పుడు ప్రయాణం?" అని పలకరింపులు మొదలయ్యాయి. నేను రానని తెగేసి చెప్పాను. తోట ఎవరు చూస్తారన్నాను. తను గొడవ పడలేదు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ట్రాలీ నా చేతిలోంచి తీసుకుంటూ, "ఆర్నెల్లు టైముంది. అప్పటిదాంక ఏదోటి చెప్పు. చెప్పకపోతే, అది కూడా చెప్పినట్లె నాకు," అంది. లోపలికి వెళ్ళేవాళ్ళ వరసలో తన ముందూ వెనకా ఎంతమంది ఉన్నా, నాకు తన చేతిలో ఉన్న పాస్‌పోర్టే కనిపించింది. ఏడవాల్సిన టైములో అసూయ పడ్డాను. తిరుగుదారంతా, కొత్తగూడెం దాటేదాకా, అదే ఆలోచన.

ఫోటోలు పంపేది. పచ్చని కొండలు, మా తోటలాంటి తోటలే, కనుచూపు మేరంతా. హెల్మెట్లు పెట్టుకున్న మనుషుల మధ్య తను. అన్నంలో ఏదో ఎండుచేపల పొడి వేసుకుంటున్నారట, అచ్చం మనదే అంది. నేను అన్నిటికీ బొటనవేలు గుర్తు పెట్టేవాణ్ణి. ఒకసారి, "కొత్త పిల్లలకి స్టీమ్ చెప్తున్న. నువ్వు చెప్పినట్లె, కుక్కర్ పెట్టి," అంది. దానికి బొటనవేలు పెట్టడానికి కూడా చెయ్యి రాలేదు. ఇంటర్వ్యూలో అనాల్సిన మాట ఇప్పుడు నాకొక్కడికే అంటే ఏం లాభం అనుకున్నాను. రోజంతా మాత్రం ఆ మాటే గుర్తొచ్చింది.

తనిచ్చిన గడువు దగ్గర పడుతున్న రోజుల్లో ముఠా వంతు మళ్ళీ మాకు వచ్చింది. నేను చెట్టు చెట్టుకీ వాళ్ళ వెనకే తిరిగాను. అది వద్దు, ఇంకా నల్లగా ఉంది, కింద పండ్లు రాలాక కోయండి అని. ముఠా మేస్త్రీకి విసుగొచ్చింది. "మేడం ఈడ లేదు గద సార్, ఇంక ఎవరికి భయపడ్తున్నరు?" అన్నాడు. నేను వినిపించుకోనట్టు నడిచాను.

ట్రాక్టర్ ర్యాంప్ దగ్గర పెట్టాను. తన చోట్లో కొత్త కుర్ర ఇంజనీర్ నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"దించు, దించు. చూసేదేముంది? మేడం గారి తోట."

మా తాత కొన్న భూమి. మా నాన్న నాటిన మొక్కలు. పొద్దున్నించీ ఎండలో నేను తిరిగిన తోట. దాని పేరు మేడం గారి తోట! తను దేశంలోనే లేదు, అయినా నా లోడుని దించేది తనే. ఒళ్ళు మండిపోయింది. ఇంజన్ ఆపి కిందికి దిగాను.

"చూడకుండా ఎలా దించుకుంటారు? ఎక్కి చూడండి," అన్నాను.

"అరే, అవసరం లేదు సార్."

"నాకు అవసరం ఉంది."

అతను కదల్లేదు. నేనే ట్రక్కు ఎక్కాను. పై గెలల్ని పక్కకి లాగాను, అరచేతుల్లో ముళ్ళు దిగాయి. ఎర్రవి, ఎర్రవి, ఎర్రవి. అడుగున ఒక మూల, మేస్త్రీ నా కన్నుగప్పి తోసేసినవి, నల్లటి గెలలు రెండు కనిపించాయి. రెండిటినీ ఎత్తి కింద పడేశాను. వెనక ట్రాక్టర్ల వాళ్ళు చూస్తున్నారు, ఈసారి ఎవరూ ఈల వేయలేదు. "ఇవి వెనక్కి," అన్నాను నేనే. దిగి, వాటిని ఎత్తి డ్రైవర్ సీటు పక్కన పెట్టుకున్నాను.

సాయంత్రం వీడియో కాల్‌లో తను ఎప్పటిలాగే అడిగింది. "లోడు ఎట్ల పోయింది?"

"రెండు గెలలు వెనక్కి పంపారు."

"ఎవరు? ఆ పిలగాడు చూసిండా?"

"వాడు చూడలేదు. నేనే పంపాను."

తెర మీద తన బొమ్మ కదల్లేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకుని అలవాటుగా ఫోన్ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆగలేదు, తను నన్నే చూస్తోంది.

"ఈడ ర్యాంప్ మీద గెలలు చూసే ఇంజనీర్ కావాలంటున్నరు," అంది. "లోకల్ రైతులతోని రోజూ లొల్లి. పచ్చియి అడుగున పెట్టి తెస్తున్నరు. నేను ఇప్పియ్య, ఇంటర్వ్యూ వేరేటోళ్ళు చేస్తరు. వస్తే వస్తది, లేకుంటే లేదు."

"ఎవరి కింద పని?"

"నా కిందనే."

కడుపు ఎప్పటిలాగే మండింది. ఇంత మంట ఆర్పుకోవడం నావల్ల కాదని, దాన్ని పెట్టుకునే ఎక్కడికైనా వెళ్ళాలని ఆ క్షణంలో తెలిసింది. లేచి బీరువా తీశాను. పట్టుచీరల కింద నుంచి కొత్త పాస్‌పోర్టు తెచ్చి ఫోన్ ముందు పెట్టాను.

"దగ్గరికి పెట్టు. గడువు ఎప్పటిదాంక ఉంది? పేజీ తిప్పు. ఇంకోటి తిప్పు," అంది తను. ఒక్కొక్క తెల్లపేజీనీ తిప్పించి చూసింది, ట్రక్కు మీద గెలల్ని ఒక్కొక్కటే పక్కకి లాగి చూసినట్టు. నేను చెయ్యి దించకుండా పట్టుకుని నిలబడ్డాను.

ఆఖరి పేజీ అయ్యాక తల పైకెత్తింది.

"సరే," అంది. "దించు."